సగంలో ఆగిన కథ మళ్లీ కదిలింది

ఎనిమిది నెలలు నా కథ పదకొండో పేజీ దగ్గరే ఉండిపోయింది. అంతకుముందు పత్రికకు పంపింది తిరిగొచ్చాక నోటుబుక్కు తెరవబుద్ధి కాలేదు.

ఒక సాయంత్రం నెల్లూరులో పెన్న ఒడ్డున, రంగనాయకుల గుడి దగ్గర కూర్చుంటే ఎర్రన గుర్తొచ్చాడు. భారతంలో అరణ్యపర్వం నన్నయ దగ్గర సగంలో ఆగింది. మన తిక్కన విరాటపర్వం మొదలు 15 పర్వాలు రాశాడు గానీ ఆ ఖాళీ జోలికి పోలేదు. 14వ శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన దాన్ని పూరించాడు. రెండు శతాబ్దాలకు పైగా ఆగిన పని! నాది ఎనిమిది నెలలే కదా అనిపించింది.

ఆ ధైర్యం రెండు రోజులుండింది. నన్ను నిజంగా కదిలించింది మా పెద్దమ్మ. రాత్రి అన్నాలయ్యాక రాసినంతవరకు చదివి వినిపించాను. బాగుందనలేదు, బాలేదనలేదు. "ఇంతకీ ఆ పిల్ల బస్సెక్కిందా లేదా అబ్బయ్యా?" అంది. ఆమెకు జవాబు చెప్పాలనే తెల్లారుజామున లేచి పేజీ రాశాను.

అప్పటినుంచి పొద్దున ఒక పేజీ, రాత్రి పెద్దమ్మకు చదవడం. వాక్యం మధ్యలోనే ఆపి లేస్తాను, మర్నాడు ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఆమెకు కునుకు పట్టిన చోటు కొట్టేస్తాను. 

కథ 27 రోజుల్లో పూర్తయింది. ఆ పిల్ల బస్సెక్కలేదు.