చొక్కా తేడా చేస్తే ముందు తప్పెవరిదో తేల్చుకోండి: సమస్య - పరిష్కారం

చిన్న బ్రాండువాళ్ల దగ్గర 1,800 రూపాయలు పెట్టి కొన్న చొక్కా రెండో ఉతుక్కే తేడా చేస్తే కడుపు మండుతుంది. నాకూ మండింది. కొన్నేళ్లు ఇలాంటివి కొని, పాడు చేసుకుని, బాగు చేయించుకున్నాక నాకు తెలిసిందేమిటంటే, తప్పు అన్నిసార్లూ కుట్టినవాళ్లది కాదు. కొన్నిసార్లు మన బోరు నీళ్లది, కొన్నిసార్లు ఇస్త్రీ పెట్టెది. ఎవరిదో తేల్చుకోకుండా ఫోన్ చేసి అరిస్తే చొక్కా బాగవదు.

ఉతికాక పొట్టిదైంది

మగ్గం మీద పడుగును, అంటే నిలువు దారాలను, బిగించి నేస్తారు. మొదటిసారి బాగా తడిసినప్పుడు ఆ బిగువు వదిలి గుడ్డ దగ్గరికి ముడుచుకుంటుంది. చొక్కాలో పడుగు నిలువుగా వస్తుంది కాబట్టి వెడల్పు కంటే పొడవే ఎక్కువ తగ్గుతుంది. ముందుగా తడపని కాటన్ 3 నుంచి 5 శాతం ముడుచుకోవడం మామూలే. 30 అంగుళాల చొక్కా 4 శాతం తగ్గితే అంగుళం పైన పోయినట్టే. పెద్ద మిల్లులు శాన్‌ఫరైజింగ్ అని యంత్రంలోనే గుడ్డను ముందుగా ముడుచుకునేలా చేసేస్తాయి. చేమగ్గం గుడ్డకు ఆ సౌకర్యం ఉండదు. మన గోదావరి వైపు ఉప్పాడ, బండారులంక మగ్గాలంటే చీరలే. చొక్కాకైతే మంగళగిరి కాటనో పొందూరు ఖద్దరో వాడతారు. కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: "గుడ్డ తడిపి ఆరబెట్టాక కత్తిరించారా, తానులోంచి నేరుగా కోసేశారా?" నీళ్లు నమిలితే ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఇప్పటికే పొట్టిదైతే తడిగా ఉన్నప్పుడు నిలువుగా మెల్లగా లాగి హ్యాంగర్‌కు ఆరేయండి. కొంత తిరిగి వస్తుంది, మొత్తం రాదు. కింద మడతలో గుడ్డ ఉంటే టైలర్ దింపుతాడు.

సైజు 40 అన్నారు, పట్టడం లేదు

ఒకరి 40 అంటే మన ఛాతీ కొలత, ఇంకొకరి 40 అంటే చొక్కా కొలత. రెంటికీ మధ్య కనీసం మూడు నాలుగు అంగుళాల లూజు ఉండాలి. బాగా పట్టే పాత చొక్కాను మంచం మీద పరిచి, చంక నుంచి చంకకు కొలిచి, రెట్టింపు చేసి ఆ అంకె పంపండి. సైజు పేరు చెప్పకండి.

తెల్ల చొక్కా పసుపెక్కింది

ముందు పసుపు ఎక్కడుందో చూడండి. చంకల్లో మాత్రమే ఉంటే చెమట, డియోడరెంట్‌లోని అల్యూమినియం ఉప్పు కలిసి చేసిన పని. ఒళ్లంతా సమానంగా, తుప్పు రంగులో ఉంటే నీళ్లలో ఇనుము. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక బోరు నీళ్లతో ఉతికే ఇళ్లలో ఈ గొడవ మొదలవుతుంది. బోరు నీళ్లు బకెట్‌లో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి, పొద్దున అడుగున ఎర్రటి మడ్డి చేరితే దొంగ దొరికినట్టే.

ఇక్కడే చాలామంది బ్లీచింగ్ పోస్తారు. నేనూ పోశాను. బ్లీచ్ నీళ్లలో కరిగి ఉన్న ఇనుమును తుప్పుగా మార్చి గుడ్డకు ఇంకా గట్టిగా పట్టిస్తుంది; లేత పసుపుతో పోయేది గోధుమ రంగుకు తిరిగింది. దానికి పులుపు మందు. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టి, మంచి నీళ్లతో బాగా జాడించండి. బ్లీచ్ పోసిన చొక్కాను పూర్తిగా జాడించకుండా ఇందులో ముంచకండి, ఘాటైన గ్యాస్ వస్తుంది. రంగు చొక్కా అయితే ముందు లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. ఇకపై ఆ నీళ్లు ముందురోజే పట్టి, పైన తేరినవే వాడండి.

కాలర్ మీద బుడగలు లేచాయి

కాలర్ నిటారుగా నిలవడానికి లోపల బకరం అనే గట్టి గుడ్డ ఉంటుంది. ఇప్పుడు ఎక్కువమంది దాన్ని వేడితో అంటించేస్తారు. జిగురు సరిగా పట్టకపోతేనో, ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టె మరీ కాలితేనో గుడ్డ, బకరం విడిపోతాయి. తడి గుడ్డ పరిచి, పెట్టెను రుద్దకుండా ఒకేచోట పది పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. జిగురు మళ్లీ కరిగి అంటుకుంటే అదృష్టం. గుడ్డ, బకరం చెరో రకంగా ముడుచుకుని ఉంటే ఏ ఇస్త్రీకీ లొంగదు, కాలర్ మార్పించాల్సిందే. బకరం కుట్టి పెట్టిన కాలర్‌కు ఈ బాధ లేదు, కానీ అలా కుట్టేవాళ్లు అరుదు.

బుడగలు కాక మెడ దగ్గర అరిగిపోతే, మా నాన్న తరం చేసినట్టు కాలర్ తిప్పించండి. విప్పి, కింది వైపు పైకి పెట్టి కుడతారు, చొక్కాకు ఇంకో రెండేళ్ల ఆయుష్షు. కొనేటప్పుడే జానెడు గుడ్డ ముక్క అడిగి పెట్టుకుంటే ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. పెద్ద షోరూములో అడిగితే వింతగా చూస్తారు, చిన్నవాళ్లు ఇస్తారు.

గుండీలు ఊడుతున్నాయి

గొలుసు కుట్టు మిషన్ మీద కుట్టిన గుండీ ఒక కొస లాగితే మొత్తం విడిపోతుంది. కొత్తలోనే సూదీ దారంతో నాలుగు పోట్లు వేసి ముడేయండి. పది నిమిషాల పని.

రంగు వదులుతోంది

తడిపిన తెల్ల జేబురుమాలుతో లోపలి అంచు రుద్దండి. నీలిమందు అయితే కొంత అంటడం దాని స్వభావం, లోపం కాదు. మిగతా రంగులు అదే పనిగా వదిలితే అద్దకం తర్వాత సరిగా జాడించలేదన్నమాట. అమ్మలందరూ ఉప్పు నీళ్లలో నానబెట్టమంటారు. అద్దే తొట్టిలో ఉప్పు పనికొచ్చేది నిజమే, అక్కడ రంగును దారంలోకి తోస్తుంది. అద్దడం అయిపోయాక ఇంట్లో ఉప్పేస్తే రంగు నిలవదు. చల్లటి నీళ్లలో విడిగా మూడు నాలుగు సార్లు ఉతకండి. అప్పటికీ ఆగకపోతే వెనక్కి పంపేయండి.

పక్క కుట్టు పొట్ట మీదకు తిరిగింది

పోగు వరుస చూడకుండా వాలుగా కోసిన గుడ్డ. దీనికి మందు లేదు. ఉతక్కముందే భుజాలు పట్టుకుని వేలాడదీసి చూడండి, పక్క కుట్లు నిట్టనిలువుగా దిగాలి. టీషర్టు మెలి తిరగడం వేరే సంగతి, అందులో తప్పు నూలు పురిది. దానికీ మందు లేదు.

ప్యూర్ కాటన్ అన్నారు, ఉక్కపోస్తోంది

ఒక పోగు కాల్చండి. కాగితం వాసనతో మెత్తటి బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. పోగును గుడ్డ అంచు నుంచి తీయాలి, కుట్టులోంచి కాదు. కాటన్ చొక్కాకైనా కుట్టు దారం చాలావరకు పాలిస్టరే. ఈ తేడా తెలియక నేనోసారి పాపం మంచివాళ్లతో గొడవపడ్డాను. నిజంగా మోసమైతే, బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

సంక్రాంతికి అడిగింది కనుమ దాటాక వచ్చింది

చిన్న బ్రాండువాళ్లకు ఇద్దరో ముగ్గురో కుట్టేవాళ్లు ఉంటారు. డిసెంబరులో అందరూ ఒకేసారి మీదపడతారు. కార్తీకంలోనే చెప్పుకోండి. కొత్త అల్లుడు ఇంటికొస్తున్నాడంటే ఇంకా ముందు.