ఆసుపత్రి బయట వంద మందికి పులిహోర

సర్కారు దవాఖానాలో రోగికి భోజనం పెడతారు. తోడు వచ్చినవాళ్లే పస్తుంటారు, పాపం.

వంద మందికి 10 కిలోల బియ్యం, కిలో చింతపండు, లీటరున్నర నూనె, పావుకిలో ఉప్పు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పాటి పళ్లేల్లో ఆరబోశాకే పులుసు కలపండి. వేడి మీద మూతపెడితే చెమ్మ పట్టి మెత్తబడుతుంది, త్వరగా పాడవుతుంది. కొబ్బరి వేయొద్దు. పొద్దున వండింది మధ్యాహ్నంలోపే పంచేయాలి.

సూపరింటెండెంటు అనుమతి ముందే తీసుకోండి. అంబులెన్సు దారికి అడ్డంగా బల్ల వేయకండి. వడ్డనకు ఇద్దరు, మంచినీళ్లకు ఒకరు, వరుస చూడటానికి ఒకరు చాలు.

గంట ముందే వార్డుల్లో టోకెన్లు ఇవ్వండి. రోగిని ఒంటరిగా వదల్లేనివాళ్లు ఆలస్యంగా వస్తారు. టోకెన్ లేకపోతే వాళ్లొచ్చేసరికి గిన్నె ఖాళీ. మంచం దగ్గర్నుంచి అసలే కదల్లేనివాళ్లకు పొట్లం కట్టి పంపండి. తినేవాళ్ల ఫొటోలు మాత్రం తీయొద్దు.