లాడం కంటే ముందు డెక్క

గుర్రం లాడం ఊడిపోయాక, లాడాలు కొట్టే నాల్‌బంద్ కోసం వెతకడం చాలామందికి అలవాటు. "ఇనుము ఇంకా అరగలేదు, ఇంకో నెల లాగుతుంది" అనే లెక్క ఒకటి. లాడం అరగకపోవచ్చు, దాని పైనున్న డెక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. డెక్క గోడ, అంటే దాని చుట్టూ ఉండే గట్టి బయటి భాగం, నెలకు సుమారు 6 నుంచి 10 మి.మీ. పెరుగుతుంది. కింద ఇనుము ఉంది కాబట్టి నేలకు రాసుకుని అరిగే దారి లేదు. ముందు భాగం పొడవై లాడాన్ని తనతో పాటు ముందుకు లాక్కుపోతుంది. వెనక మడమకు ఆధారం పోయి అది నలిగిపోతుంది. అందుకే లాడం కొట్టిన గుర్రానికి 5, 6 వారాలకోసారి విప్పి, డెక్క కోసి, మళ్లీ కొట్టాలి. ఇనుము బాగుంటే అదే లాడం తిరిగి వాడుకోవచ్చు, తప్పేం లేదు. లాడం లేని గుర్రానికైనా 6 నుంచి 8 వారాలకోసారి కోత తప్పదు.

రోజూ చేయాల్సిన పని

కొక్కెంతో డెక్క కింద శుభ్రం చేయడానికి కాలికి రెండు నిమిషాలు చాలు. గుర్రం భుజం పక్కన దాని తోక వైపు తిరిగి నిలబడండి. భుజం నుంచి చెయ్యి కిందికి జార్చుకుంటూ వస్తే కాలు ఎత్తబోతున్నారని దానికి తెలుస్తుంది. కింద కూర్చోకండి, మోకాళ్లు నేలకు ఆనించకండి. అవసరమైతే ఒక్క అడుగులో పక్కకు తప్పుకునేలా ఉండాలి.

డెక్క కింద బాణం మొన ఆకారంలో, రబ్బరులా ఉండే భాగాన్ని ఫ్రాగ్ అంటారు. దానికి రెండు పక్కలా గాడులుంటాయి. పేడ, రాళ్లు, గాజుపెంకులు ఇరుక్కునేది వాటిలోనే. కొక్కేన్ని మడమ నుంచి ముందుకే లాగాలి. వెనక్కి లాగితే మొన ఫ్రాగ్‌లోకి దిగుతుంది.

అదే సమయంలో నాలుగు డెక్కలనూ అరచేత్తో తాకి చూడండి. ఒకటి మిగతా వాటికన్నా వేడిగా ఉంటే అనుమానించాలి. చీలమండ వెనక రెండు పక్కలా వేళ్లు పెడితే నాడి మామూలుగా చాలా సన్నగా అందుతుంది. అది టకటకా కొట్టుకుంటుంటే డెక్క లోపల వాపు ఉన్నట్టే.

విప్పడం, కోయడం

పాత లాడం విప్పేముందు గోడ మీద మడిచిన మేకుల మొనలను ఉలి, సుత్తితో లేపి నిటారు చేయాలి, లేదా ఆకురాయితో రాకి తీసేయాలి. ఈ పని ఎగ్గొట్టి పట్టకారుతో లాగితే మేకుతో పాటు గోడ ముక్క కూడా ఊడొస్తుంది. పట్టకారును మడమ దగ్గర లాడం కింద దూర్చి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, కొద్దికొద్దిగా ముందుకీ మధ్యకీ వంచుతూ రావాలి. బయటి వైపుకు ఎత్తకూడదు. గోడ బలహీనంగా ఉంటే మేకులు ఒక్కొక్కటిగా తీయండి.

ఇక కోత. పనిలో కష్టమంతా ఇక్కడే, లాడం దగ్గర కాదు. వంపు కత్తితో డెక్క అడుగు భాగం మీద పొడిపొడిగా రాలే చచ్చిన పొర మాత్రమే తీయాలి. బొటనవేలితో నొక్కితే అడుగు లోపలికి వంగుతోందంటే మీరు ఇప్పటికే ఎక్కువ కోసేశారు. ఫ్రాగ్‌కు వేలాడుతున్న ముక్కలు తీస్తే చాలు. అందంగా కనబడాలని దాన్ని చెక్కి సన్నం చేసే అలవాటు చాలాచోట్ల ఉంది, మానేయండి. గుర్రం మడమ మోపినప్పుడు బరువును కొంత పుచ్చుకునేది ఆ మెత్తటి భాగమే.

గోడను నిప్పర్‌తో (డెక్క కోసే పట్టకారు) కోసి ఆకురాయితో సమం చేయాలి. గోడకూ అడుగుకూ మధ్య కనిపించే లేత పసుపు గీత మీకు హద్దు. ఆ గీతకు బయట ఉన్నది మొద్దు కొమ్ము, అంటే గోరులాంటి స్పర్శ లేని పదార్థం; లోపలి వైపు అడుగు పొర వెనకే ప్రాణమున్న కండ ఉంటుంది. సమం అయిందో లేదో చూడాలంటే కాలిని వదులుగా వేలాడనిచ్చి మడమ వైపు నుంచి కన్ను పెట్టి చూడండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉండాలి. తర్వాత కాలు నేల మీద పెట్టి పక్క నుంచి చూడండి. చీలమండ నుంచి డెక్కకు దిగే వాలూ, డెక్క ముందు గోడ వాలూ ఒకే గీతలో ఉండాలి. ముందు కాళ్లకు ఇది చాలా గుర్రాల్లో 50 నుంచి 54 డిగ్రీలు ఉంటుంది, వెనక కాళ్లకు కొంచెం నిటారుగా. అంకె కోసం పట్టుబట్టకండి. ఏ గుర్రం కాలి వాలు దానిదే, గీత విరగకపోతే చాలు.

లాడం, మేకులు

డెక్కకు తగ్గట్టు లాడాన్ని వంచాలి. లాడం సరిపోలేదని డెక్కను బయటి నుంచి ఆకురాయితో గీకి చిన్నది చేయడం సోమరి పని, గోడ పలచబడి వచ్చేసారి మేకు పట్టదు. ముందు భాగంలో లాడం గోడ అంచుకు సరిగ్గా కలవాలి. సగం దాటాక కాస్త వెడల్పుగా, మడమ వెనక 3 నుంచి 5 మి.మీ. బయటికి ఉండాలి. కాలు మోపినప్పుడల్లా మడమ కొంచెం విచ్చుకుంటుంది, దానికి చోటు కావాలి. కాల్చి అమర్చేటట్టయితే ఎర్రగా ఉండగా పెట్టకండి. ఎరుపు పోయాక కొన్ని సెకన్లు ఆనించి తీసేయాలి. వెంట్రుకలు కాలినట్టు పొగ వస్తుంది, గుర్రానికి నొప్పి ఉండదు. ఎక్కడ కమిలిందో చూస్తే ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనడం లేదో తెలిసిపోతుంది.

కాలికి 6 నుంచి 8 మేకులు. డెక్క బాగా వెడల్పుగా ఉన్న చోటు దాటి వెనక్కి మేకు కొట్టకూడదు. అక్కడ కొడితే మడమ విచ్చుకోలేదు. మేకు తల కింద ఒక వైపు అచ్చు గుర్తుంటుంది. మొన దగ్గర ఏటవాలుగా చెక్కి ఉండేదీ ఆ వైపే. గుర్తున్న వైపు లోపలికి, అంటే ఫ్రాగ్ వైపుకు ఉండాలి. అప్పుడే మేకు లోపలికి పోకుండా బయటికి వంగుతూ వస్తుంది. తిప్పి పెడితే నేరుగా కండలోకే.

మొదట చిన్న దెబ్బలు వేసి చెవి పెట్టండి. గట్టి కొమ్ములోకి దిగుతున్న మేకు చప్పుడు ప్రతి దెబ్బకూ గట్టిపడుతుంది, చేతికి ఎదురు తగులుతుంది. మెత్తగా, సులువుగా దిగిపోతుంటే, లేదా గుర్రం కాలు గుంజుకుంటే, ఆపి బయటికి లాగేయండి. మొన లాడానికి పైన సుమారు 18 నుంచి 20 మి.మీ. ఎత్తులో బయటికి రావాలి. అంతకన్నా కింద వస్తే పట్టు ఉండదు, బాగా పైన వచ్చిందంటే కండకు దగ్గరగా పోయినట్టు. బయటికొచ్చిన మొనను అప్పటికప్పుడే మెలిపెట్టి తెంచేయాలి. ఆ క్షణంలో గుర్రం కాలు లాక్కుంటే మీ తొడ చీరుకుపోతుంది. అన్నీ కొట్టాక చివరలను మడిచి, ఆకురాయితో తేలిగ్గా నున్నచేయండి.

(ఎద్దులకు లాడాలు కొట్టడం చూసినవాళ్లు ఇదీ అలాంటిదే అనుకోవద్దు. ఎద్దును తాళ్లతో పడగొట్టి కాళ్లు కట్టేస్తారు, దానిది చీలిన గిట్ట కాబట్టి కాలికి రెండు రేకులు. గుర్రాన్ని నిలబెట్టే చేయాలి.)

ఎక్కడ చెడుతుంది

మేకు కండలో గుచ్చుకుంటే గుర్రం అప్పుడే చెబుతుంది. మేకు తీసేసి ఆ రంధ్రంలో పోవిడోన్ అయోడిన్ పోయండి, అందులో మళ్లీ మేకు పెట్టకండి. ధనుర్వాతం గుర్రాలకు చాలా సులువుగా వస్తుంది కాబట్టి టీకా వేసి ఉందో లేదో డాక్టరుతో చూపించుకోవాలి. కండను తాకకుండా పక్కనే నొక్కుతున్న మేకు ఇంకా మాయదారిది. ఆ రోజు బాగానే నడుస్తుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో కుంటు మొదలవుతుంది. కొత్త లాడం తర్వాత వచ్చే కుంటుకు మొదట అనుమానించాల్సింది మేకునే, భుజాన్ని కాదు.

వానాకాలంలో తడి పేడలో నిలబడే గుర్రాలకు ఫ్రాగ్ కుళ్లుతుంది. గాడుల్లో నల్లటి జిగురు, ముక్కు మూసుకునేంత కంపు. కుళ్లిన ముక్కలు కోసి, కడిగి, ఆరబెట్టి, అయోడిన్‌లో తడిపిన దూది గాడిలో కూరాలి. ఏ మందు పెట్టినా నేల పొడిగా లేకపోతే తగ్గదు. వాడేసిన ఇంజనాయిలు మాత్రం పూయకండి. ఎండాకాలంలో ఉల్టా, గోడ ఎండి పగుళ్లు తేలుతుంది.

బరాత్ (పెళ్లి ఊరేగింపు) గుర్రాల సంగతి వేరు. గంటల తరబడి తారురోడ్డు మీద నిలబడతాయి, మధ్యలో ఒకరి తర్వాత ఒకరు నానబెట్టిన శనగపప్పు పెడుతుంటారు. ఒక్కసారిగా దాణా ఎక్కువైతే డెక్క లోపలి పొరలు వాచి, ఎముక గోడ నుంచి విడిపోవచ్చు. గుర్రం ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడితే అదే గుర్తు. నడిపించకండి. దాణా ఆపండి, డెక్కలను మంచునీళ్లలో పెట్టి డాక్టరును పిలవండి. అది నాల్‌బంద్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

రోడ్డు మధ్యలో లాడం సగం ఊడి వేలాడుతుంటే అలాగే ఇంటిదాకా నడిపించకండి, ఊడిన మేకు మీద కాలు పడితే అడుగులోకి దిగుతుంది. మొనలు రాకి లాడం పూర్తిగా తీసేయండి. డెక్కకు పసిపిల్లల డైపరు తొడిగి, దాని మీద వెడల్పాటి సిల్వర్ టేపు నాలుగు చుట్లు చుట్టండి. టేపు డెక్క పై అంచు దాటి వెంట్రుకల మీదికి బిగుతుగా రాకుండా చూసుకుంటే, నాల్‌బంద్ వచ్చేదాకా గోడ విరక్కుండా నిలుస్తుంది.