మేత కొట్టు లెక్కలకు వెబ్ అప్లికేషన్: డేటాబేస్ దగ్గర లెక్క తప్పకుండా ఎలా కట్టుకోవాలి?

రొయ్యల మేత వ్యాపారం ఎక్కువగా అప్పు మీద నడుస్తుంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతు పంట కాలమంతా బస్తాలు తీసుకెళ్తాడు, పట్టుబడి (గుంటలో రొయ్యలు పట్టడం) అయ్యాక డబ్బు కడతాడు. మూడు నాలుగు నెలల లెక్క ఒక్కరోజు తేలాలి. అందులో ఒక బిల్లు రెండుసార్లు పడితే రైతుకూ డీలరుకూ మధ్య నమ్మకం పోతుంది. అందుకే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి ఇలాంటి కొట్లకు అప్లికేషన్లు రాసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. స్క్రీన్‌లో పెట్టిన ప్రతి నియమం డేటాబేస్‌లో కూడా ఉండాలి. రేపు మొబైల్ యాప్ వస్తుంది, ఎల్లుండి ఎవరో ఎక్సెల్ నుంచి డేటా ఎక్కిస్తారు. అప్పుడు మీ స్క్రీన్ అడ్డుపడదు.

కింది వివరాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు రాసినవి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో సెట్టింగుల పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

1. ముందు తెలుగు పేర్లు సరిగ్గా నిలిచేలా చూడండి

క్యారెక్టర్ సెట్ (అక్షరాలను డేటాబేస్ దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. 8.0 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్, పాత హోస్టింగ్ అయితే చూసుకోవాలి. పాత యూటీఎఫ్8 అక్షరానికి 3 బైట్ల వరకే ఇస్తుంది. తెలుగు అందులో పడుతుంది, 4 బైట్ల ఇమోజీ పట్టదు. టేబుల్ మార్చి ఊరుకోకుండా కనెక్షన్‌కు కూడా అదే క్యారెక్టర్ సెట్ చెప్పండి. లేకపోతే పేర్ల బదులు ప్రశ్నార్థకాలు సేవ్ అవుతాయి, అలా అయిన పేరు మళ్లీ రాదు.

కాలమ్ పొడవు దగ్గర కూడా జాగ్రత్త. "నెల్లూరు" మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ గుణింతాలనూ పొల్లునూ విడిగా లెక్కేస్తుంది కాబట్టి దానికి 8 క్యారెక్టర్లు, 24 బైట్లు. ఇంగ్లిష్ పేర్లను చూసి 20 క్యారెక్టర్లు పెడితే ఇంటిపేరుతో కలిపి రాసిన తెలుగు పేరు చాలాసార్లు పట్టదు. 100 పెట్టండి, పోయేదేమీ లేదు.

2. డబ్బుకు ఫ్లోట్ వాడకండి

ఫ్లోట్ అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం. అందులో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర్లో ఎక్కడో చిన్న తోక మిగులుతుంది. వందల ఎంట్రీలు కూడేసరికి పైసల్లో తేడా వస్తుంది. రూపాయలకు రెండు దశాంశ స్థానాల డెసిమల్ (అంకెలను ఉన్నదున్నట్టు దాచే రకం), కిలోలకు మూడు స్థానాల డెసిమల్ పెట్టండి. బస్తా బరువు 25 కిలోలని కోడ్‌లో రాసేయకుండా సరుకు టేబుల్‌లో ఒక కాలమ్‌గా ఉంచండి.

3. బిల్లు ఒక్కసారే పడాలి, స్టాకు తప్పకూడదు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. గుంటల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు. సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, మనిషి మళ్లీ నొక్కుతాడు. మొదటిది సర్వర్‌కు చేరిపోయి, జవాబు మాత్రం వెనక్కి రాలేదనుకోండి. రెండో నొక్కుతో రెండో బిల్లు తయారవుతుంది.

దీనికి మందు ఇది. బిల్లు ఫారం తెరిచినప్పుడే ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని పొడవాటి గుర్తింపు సంఖ్య) తయారుచేసి ఫారంలో దాచండి. బిల్లుల టేబుల్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ ఇండెక్స్ పెట్టండి, అంటే ఒకే విలువ రెండుసార్లు పడనివ్వదు. అదే ఫారం రెండోసారి వస్తే డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది. దాన్ని పట్టుకుని, మొదట పడిన బిల్లునే తీసి చూపించండి. యూయూఐడీని సేవ్ నొక్కాక తయారుచేస్తే ప్రయోజనం లేదు, ప్రతి నొక్కుకూ కొత్తది వస్తుంది. ఒకసారి నొక్కాక బటన్ పనిచేయకుండా చేయడం మంచి అలవాటే, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు.

ఇక స్టాకు. 12 బస్తాలున్నాయి. కౌంటర్ దగ్గర ఒకరు 10 బస్తాల బిల్లు, గోడౌన్ దగ్గర ఇంకొకరు 8 బస్తాల బిల్లు ఒకేసారి కొట్టారు. ఇద్దరి కోడూ ముందు స్టాకు చదివింది, ఇద్దరికీ 12 కనిపించింది. ఒకరి కోడ్ మిగిలింది 2 అని రాసింది, రెండోది 4 అని రాసింది. ఏది చివర పడితే అదే మిగులుతుంది. ఉన్న 12 బస్తాలకు 18 బస్తాల బిల్లులయ్యాయి.

స్టాకును చదివి, కోడ్‌లో తీసివేసి, తిరిగి రాయడం మానేయండి. "కనీసం 10 ఉంటేనే 10 తగ్గించు" అనే షరతుతో ఒకే అప్‌డేట్ పంపండి. ఎన్ని వరుసలు మారాయో చూడండి. 1 అయితే పని జరిగింది, 0 అయితే సరుకు లేదు. దీనికి తోడు స్టాకు సున్నా కంటే తగ్గకూడదని డేటాబేస్‌లో చెక్ నియమం (తప్పు విలువను తిప్పికొట్టే షరతు) కూడా పెట్టండి. అయితే మైఎస్‌క్యూఎల్ చెక్‌ను నిజంగా అమలు చేసేది 8.0.16 నుంచే. అంతకుముందు వెర్షన్లు దాన్ని చదివి వదిలేస్తాయి, ఎర్రర్ కూడా ఇవ్వవు.

బిల్లు రాయడం, స్టాకు తగ్గించడం, రైతు ఖాతాలో అప్పు వేయడం, ఈ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగని కట్ట) ఉండాలి. ఏ ఒక్కటి ఆగినా మొత్తం రోల్‌బ్యాక్ కావాలి, అంటే మొదటి స్థితికి వెళ్లాలి. టేబుల్స్ ఇన్నోడీబీ అనే స్టోరేజ్ ఇంజిన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, పాత మైఐశామ్‌లో ట్రాన్సాక్షన్ పనిచేయదు. తప్పు బిల్లును డిలీట్ చేసే బటన్ ఇవ్వకండి. దాన్ని రద్దుచేసే ఎదురు ఎంట్రీ వేసి, ఎవరు వేశారో కూడా ఉంచండి. రైతు అడిగితే జరిగింది చూపించగలగాలి.

4. తేదీకి తెల్లవారుజాము పరీక్ష పెట్టండి

పట్టుబడి చాలాసార్లు తెల్లారకముందే మొదలవుతుంది. మన సమయం యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు వేసిన ఎంట్రీకి యూటీసీలో నడిచే సర్వర్ ముందురోజు తేదీ వేస్తుంది. ఎంట్రీ పడిన సమయాన్ని యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మన సమయానికి మార్చండి. పట్టుబడి తేదీని మాత్రం రైతు చెప్పినట్టుగా విడిగా ఒక తేదీ కాలమ్‌లో పెట్టండి. రెండూ వేర్వేరు సంగతులు, ఒకదాన్నుంచి ఇంకోటి లాగాలని చూడొద్దు.

5. జిల్లా పేరును ప్రతి వరుసలో రాయకండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ప్రకాశంలో ఉన్న కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, నెల్లూరులో ఉన్న గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. రైతు చిరునామాలో జిల్లాను టైప్ చేసి ఉంచితే అలాంటి రోజున వేల వరుసలు దిద్దాలి. పాత రిపోర్టులూ తారుమారవుతాయి. రైతుకు ఊరి ఐడీ, ఊరికి మండలం ఐడీ ఇవ్వండి. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో ఒక చిన్న టేబుల్‌లో రాయండి. ఇకముందు ఎప్పుడు మార్పు వచ్చినా ఆ టేబుల్‌లో కొత్త వరుసలు వేస్తే చాలు.

6. వేగం, భద్రత

ఖాతా పేజీ నిదానిస్తే రైతు ఐడీ, తేదీ కలిపి ఒక ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) వేయండి. తేదీ కాలమ్ నుంచి సంవత్సరాన్ని విడదీసి పోలిస్తే మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. జనవరి 1 నుంచి వచ్చే జనవరి 1 లోపు అని అడగండి. క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం నడిపి ఇండెక్స్ వాడుతోందో లేదో కళ్లతో చూడండి.

యూజర్ టైప్ చేసింది ఏదైనా క్వెరీలో అతికించకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (క్వెరీని, విలువలను విడిగా పంపే పద్ధతి) ద్వారానే పంపండి. పాస్‌వర్డ్‌లను బీక్రిప్ట్‌తో హ్యాష్ చేయండి, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచండి. చిన్న కొట్టే కదా అని ఈ రెండూ వదిలేయడం అన్యాయం. అందులో ఉన్నవి జనాల అప్పుల లెక్కలు.

7. బ్యాకప్ తీసి, తిరిగి ఎక్కించి చూడండి

రోజూ రాత్రి డేటా నకలు తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో (మొత్తం ఒకే క్షణపు లెక్కగా వచ్చేలా) నడిపి, ఫైలును వేరే చోటికి పంపండి. కొట్లో ఉన్న కంప్యూటర్‌లోనే ఉంచితే తుపాను నీళ్లొచ్చిన రోజున అసలు లెక్క, బ్యాకప్ రెండూ పోతాయి. నెలకోసారైనా ఆ ఫైలును ఇంకో మెషిన్‌లో రీస్టోర్ చేయండి. ఒక రైతు ఖాతా తెరిచి, తెలుగు పేరు సరిగ్గా కనిపిస్తోందా, బాకీ బ్యాకప్ తీసిన రాత్రి ఉన్న మొత్తంతో పైసతో సహా కలిసిందా చూడండి.