మోకాలికి మళ్లీ నడక: 4వ పాఠం – మెట్లు

మోకాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్నవారి కోసం చెబుతున్న ఈ పాఠాల్లో, గతసారి చేతికర్రతో చదునైన నేల మీద నడక పూర్తయింది. మన విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదో, బందరు కాలువ గట్టునో ఉదయం పూట నిదానంగా నడవగలుగుతున్నవారు కూడా ఇంటి మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. చదును నేల మీద నడవడానికి మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కి దిగాలంటే దాదాపు 90 డిగ్రీలు వంగాలి, వంగిన ఆ మోకాలే ఒంటి బరువంతా మోయాలి.

కాబట్టి ముందు మూడు విషయాలు సరిచూసుకోండి. దెబ్బ తగిలిన కాలు మీద పూర్తి బరువు మోపవచ్చని మీ ఎముకల డాక్టరు చెప్పి ఉండాలి. ఎముక విరిగినా, కీలులో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటుకు ఆపరేషన్ జరిగినా ఇది తప్పనిసరి. మోకాలు పూర్తిగా చాపగలగాలి. పడుకుని, మోకాలు వంచకుండా ఆ కాలిని పైకి లేపగలగాలి. వీటిలో ఏది కుదరకపోయినా రెండో పాఠానికి తిరిగి వెళ్లండి. అక్కడ మిగిల్చిన లోటు మెట్ల మీద రెట్టింపై కనబడుతుంది.

మొదటి దశలో ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలుపుతూ ఎక్కాలి, దిగాలి. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: పై మెట్టు మీద ఎప్పుడూ బాగున్న కాలే ఉండాలి. ఎక్కేటప్పుడు పై మెట్టు మీద పెట్టిన కాలే శరీరాన్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు పైన మిగిలిన కాలే శరీరాన్ని కిందికి దించుతుంది. రెండు పనులూ బరువైనవే. అందుకే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చేతికర్ర ఎటు వెళ్లినా దెబ్బ కాలితో కలిసే కదలాలి. రెయిలింగు ఉంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, కర్రను రెండో చేతికి మార్చుకోండి. వెనక పట్టీ లేని చెప్పులు వద్దు.

మన ఇళ్లలో ఇక్కడొక చిక్కు వస్తుంది. కుడికాలు ముందు పెట్టమని పెద్దలు చెబుతారు. దెబ్బ కుడికాలికే తగిలినవారు ఆ అలవాటుతో మెట్టు మీదా కుడికాలే ముందు పెట్టి తూలుతారు. గడపకు అటూ ఇటూ నేల ఒకే ఎత్తులో ఉంటే దాటేటప్పుడు కుడికాలు పెట్టండి. మెట్ల మీద మాత్రం పై సూత్రం వదలకండి.

మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్లలో ఉండేవారికి ఈ పాఠం కష్టంగానే ఉంటుంది. అక్కడి మెట్లు ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటి చోట మొదటి వారాల్లో ఒంటరిగా దిగవద్దు. సాయం చేసేవారు మీకంటే ఒక మెట్టు కిందనే ఉండాలి: ఎక్కేటప్పుడు మీ వెనక, దిగేటప్పుడు మీ ముందు, దెబ్బ కాలి వైపు. చేయి వేయవలసింది నడుము దగ్గర. పైన నిలబడి చేయి పట్టి లాగడం అందరూ ప్రేమతో చేసే పనే కానీ, మీరు జారితే వారూ మీతోపాటు పడతారు.

ఇక అసలు సాధన. మోకాలిలో నీరు చేరినప్పుడు, తొడ ముందు కండరానికి దెబ్బ తగలకపోయినా నరాలు దాన్ని అణిచి ఉంచుతాయి. వాడకం లేక ఆ కండరం కొద్ది వారాల్లోనే చిక్కిపోతుంది. ఈలోగా బాగున్న కాలు అన్ని పనులూ తన మీద వేసుకోవడానికి అలవాటుపడుతుంది. ఆ అలవాటు తప్పించకపోతే సంవత్సరం తర్వాత కూడా కుంటు మిగలవచ్చు. సంతోషంగా ఎక్కేస్తున్నారు కదా అని ఇంటివాళ్లు అనుకుంటారు, నిజానికి ఎక్కుతున్నది ఒక కాలే.

అరచేతి వెడల్పు ఎత్తున్న, కదలని మెట్టును ఎంచుకోండి. కదిలే పీట వద్దు. గోడ చేతికి అందేలా నిలబడి దెబ్బ కాలు మెట్టు మీద పెట్టండి. నేల మీదున్న పాదం వేళ్లు పైకెత్తి, మడమ మాత్రమే ఆనించండి. ఇలా చేస్తే ఆ కాలు నేలను తన్ని సాయం చేయలేదు. ఇప్పుడు పైకి లేవండి. పదిసార్లు, రోజుకు రెండు పూటలా.

అది కుదిరాక దిగడం. దెబ్బ కాలు మీద మెట్టుపై నిలబడి, రెండో కాలి మడమను మూడు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా నేలకు తాకించి, బరువు వేయకుండా మళ్లీ పైకి రండి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడం వచ్చిన చాలా రోజులకు గాని దిగడం రాకపోవడానికి కారణం ఇదే. అద్దం ఎదురుగా పెట్టుకోండి. మోకాలు లోపలికి వాలకూడదు, చిప్ప రెండో వేలి సూటిన ఉండాలి. మామూలు మెట్టు ఎత్తున, అంటే 15 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తున, వణకకుండా పదిసార్లు చేయగలిగితే అప్పుడు కాలు మార్చి కాలు వేస్తూ ఎక్కండి. దిగడంలో అది మరికొన్నాళ్లు ఆగాలి.

మోతాదు మించిందా లేదా అన్నది మర్నాటి ఉదయం తెలుస్తుంది. చిప్ప మధ్యగా టేపు చుట్టి కొలత రాసుకోండి. వాపు పెరిగినా, నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకుంటే అది 3 దాటి మర్నాటికీ తగ్గకపోయినా సాధన సగానికి తగ్గించండి. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి. వాచిన మోకాలికి వేడి నూనెతో గట్టి మర్దన చేయించకండి. మోకాలు ఒక్కసారిగా వదిలేసినా, మధ్యలో పట్టేసినా డాక్టరుకు చూపించండి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఎర్రబడి జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రాణాలు దక్కాయని ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతామనో, మెట్ల పూజ చేస్తామనో మొక్కుకున్నవారుంటారు. ఒక్కో మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టడం మామూలు ఎక్కడంకంటే ఎన్నో రెట్లు భారం. ఇప్పటికి ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లి దర్శనం చేసుకోండి, మెట్ల మొక్కు కాలు సిద్ధమయ్యాక తీర్చుకోవచ్చు. గుణదల మేరీమాత కొండకూ ఇదే మాట. సిటీ బస్సు మొదటి మెట్టు ఇంటి మెట్టుకంటే ఎత్తు కాబట్టి, దాన్ని కూడా 18 సెంటీమీటర్ల సాధన పూర్తయ్యాకే ప్రయత్నించండి. ఎక్కేముందు కాస్త ఆగమని కండక్టరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు.

వచ్చే పాఠం: చాప మీద కూర్చుని లేవడం. అందుకు మోకాలు 110 డిగ్రీలకు పైగా వంగాలి. అందుకే ఈ వారం నుంచే పడక మీద మడమను పిరుదుల వైపు జరిపే సాధన రెండు పూటలా కొనసాగించండి.