సీసం పట్టీల మీద సోల్డర్ నిలవకపోతే

మారేడ్‌పల్లిలో మా పూజగది తలుపుకి తామరపువ్వు రంగుటద్దాల ప్యానెల్ చేస్తూ, ఏడో జాయింట్ దగ్గర అద్దం ముక్కల్ని కలిపి పట్టుకునే సీసం పట్టీని అరంగుళం కరిగించేశాను. పట్టీల్ని అతికించే సోల్డరేమో ముత్యాల్లా దొర్లి బల్ల మీద పడింది. సోల్డరింగ్ ఐరన్‌కి వేడి చాలట్లేదనుకుని పెంచుతూ పోయాను మరి!

సోల్డర్ దొర్లిపోతుంటే వేడి జోలికి వెళ్లకండి, ముందు సీసాన్ని చూడండి. కొత్త పట్టీ అయినా గాలి తగిలి మసకబారుతుంది. ఆ బూడిదరంగు పొర మీద సోల్డర్ పట్టదు. చిన్న ఇత్తడి బ్రష్‌తో జాయింట్ మేరకు మెరిసేదాకా రుద్ది, వెంటనే సోల్డర్ పట్టేలా చేసే ఒలీక్ యాసిడ్ పల్చగా రాయాలి. పొద్దున రుద్ది సాయంత్రం సోల్డర్ చేద్దామంటే మళ్లీ రుద్దుకోవాల్సిందే. కోఠి గుజరాతీ గల్లీలో నేను మొదట కొన్న సన్న సోల్డర్ తీగ రేడియో పనికి వాడేది, లోపల రోజిన్ అనే చెట్టు బంక ఉంటుంది. జాయింటంతా నల్లగా, జిగటగా తయారైంది. రోజిన్ లేని లావు తీగ, 60/40 అడగండి. అందులో 60 వంతులు తగరం, మిగతాది సీసం.

ఇక వేడి. ఈ సోల్డర్ 190 డిగ్రీలకే పూర్తిగా కరుగుతుంది, సీసం 327కి. పని చేసేటప్పుడు ఐరన్ మొన, అంటే బిట్, అంతకన్నా వేడిగానే ఉంటుంది కాబట్టి అది సీసం మీద ఆగకూడదు. జాయింట్ మీద తీగ పెట్టి, తీగ మీద బిట్ ఆనించి, సోల్డర్ పరుచుకోగానే నిటారుగా పైకి తీసేయాలి. ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి. ఆనించగానే గుంట పడితే వేడి ఎక్కువ. తీసేటప్పుడు ముల్లులా లేస్తే తక్కువ. నాది మామూలు 80 వాట్ల ఐరన్, డిమ్మర్‌తో తగ్గించుకుంటాను. సీలింగ్ ఫ్యాన్ గాలికి బిట్ చల్లబడుతుంది. ఫ్యాన్ ఆపి కిటికీలు తీస్తాను. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే.

బిట్ నల్లబడితే కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరమే మందు. వేడి బిట్‌ని దాని మీద కొంచెం సోల్డర్‌తో రుద్దితే తళతళలాడుతుంది. పొగ ఘాటుగా ఉంటుంది, బాల్కనీలో చేయండి. చాయ్ గ్లాసు మాత్రం బల్ల దగ్గరికి రాకూడదు, సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే చాయ్.

పట్టీల మధ్య సందుంటే సోల్డర్ కిందికి కారిపోతుంది. దాన్ని సోల్డర్‌తోనే నింపాలని చూడకండి. మిగిలిన సీసం నుంచి సన్న పీలిక కోసి, సందులో బిగించి, ఆపైన సోల్డర్ వేయండి. నా ఏడో జాయింట్‌నీ అలాగే నిలబెట్టాను. కాస్త లావుగా కనిపిస్తుంది, అందుకే గంట అక్కడ వేలాడదీశాను.