పదిమంది ఉన్న సీరియల్‌ని రక్తి కట్టించడం ఎలా

విజయనగరంలో ఏళ్ళ తరబడి నాటికలు రాసి ఆడించినదాన్ని కాబట్టి, ఈ మధ్య వెబ్ సిరీస్ తీద్దామనుకునే కుర్రాళ్ళు స్క్రిప్టులు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. మొదటి పేజీ నిండా పాత్రల జాబితా ఉంటుంది. పేరు, వయసు, పక్కన 'కోపిష్టి', 'అమాయకుడు', 'కామెడీ' అని ఒక్కో మాట. ఆ పేజీ పక్కన పెట్టి నేను మొదట అడిగేది ఇదే: వీళ్ళలో ఎవరు ఎవరికి బాకీ?

బాకీ అంటే డబ్బే కానక్కర్లేదు. పాత మాట పట్టింపు, పైకి చెప్పని ఇష్టం, దాచిన విషయం, తీర్చుకోలేని సాయం, ఏదైనా సరే. ఆరుగురు ఉంటే 15 జతలు అవుతాయి. 'ఫ్రెండ్స్' సీరియల్ 1994 నుంచి 2004 దాకా పది సీజన్లు ఆరుగురి మీదే నడిచింది. రాస్, మోనికా అన్నాచెల్లెళ్ళు. రేచల్ మోనికాకి చిన్ననాటి స్నేహితురాలు. చాండ్లర్ రాస్‌తో కలిసి కాలేజీలో చదివాడు, జోయీతో ఒకే ఇంట్లో ఉంటాడు. ఏ ఇద్దర్ని ఒక గదిలో కూర్చోబెట్టినా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మీరూ ఒక కాగితం మీద పేర్లు గుండ్రంగా రాసి, గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో వాక్యం రాయండి. సగం గీతలు నిండితే చాలు. ఖాళీగా ఉన్నవి పారేయకండి. అంతవరకూ ఒంటరిగా ఎదురుపడని ఇద్దర్ని ఆరో ఎపిసోడ్‌లో ఒకే ఆటో ఎక్కించడానికి అవే పనికొస్తాయి.

ఇక చోటు. ఎవరూ లేచి వెళ్ళిపోలేని చోటు కావాలి. 'అమృతం'లో అమృతరావూ ఆంజనేయులూ అద్దెకున్న ఇల్లు అప్పాజీది, కాబట్టి ఆయనతో ఎంత విసిగినా రేపు మళ్ళీ ఆయన మొహమే చూడాలి. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన 'హమ్ లోగ్'కి మధ్యతరగతి కుటుంబం ఒకటి సరిపోయింది.

మన వైపు నుంచి ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. జనపనార మిల్లు పక్కన కార్మికుల ఇళ్ళ వరుస అనుకోండి. పొద్దున్నే గేటుకి లాకౌట్ నోటీసు అంటించారు. అందరూ గేటు దగ్గర చేరి గుండెలు బాదుకుంటే అది ఒక్క సీనుతో అయిపోతుంది. అదే నోటీసు ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కోలా పడాలి. యూనియన్ నాయకుడు బయట 'గట్టిగా నిలబడండి' అని చెబుతున్నాడు, కానీ కిరాణా కొట్లో అందరికంటే పెద్ద అప్పు ఆయన ఇంటిదే. పక్కింట్లో మాఘమాసానికి కూతురి పెళ్ళి ఖాయమై ఉంది. ఇంకో ఇంట్లో కుర్రాడికి లోలోపల సంతోషం, ఇక హైదరాబాద్ పోతానంటే నాన్న ఆపలేడు.

ఇప్పుడు కొట్టు దగ్గరికి రండి. ఆ వరుసలోనే ఉండే పైడిరాజు వచ్చి, కొట్టు నడిపే ఆవిడతో "వదినా, పావు కేజీ కందిపప్పు. రాసుకో" అంటాడు. ఆమె పప్పు తూచి, పొట్లం కట్టి చేతికిస్తుంది. ఖాతా పుస్తకం మాత్రం తెరవదు. గల్లాపెట్టె కిందే ఉంది, రోజూ తెరిచేదే. అతను ఒక్క క్షణం ఆ పుస్తకం వైపు చూసి, "రాయలేదేటి?" అంటాడు. "తర్వాత రాస్తాన్లే" అంటుంది. ఇచ్చింది జాలితోనా, ఇదే ఆఖరిసారి అని చెప్పడానికా? అది మీరు విప్పకండి. రెండు ఎపిసోడ్ల వరకూ చూసేవాళ్ళనే ఆలోచించనివ్వండి. ఆ పుస్తకం ఎవరి కంటపడినా నాయకుడి గుట్టు బయటపడుతుంది, కాబట్టి ఇక ఆ కొట్లోకి ఎవరు అడుగుపెట్టినా టెన్షనే.

ఇలా చేతులు మారే వస్తువు ఒకటి ఉంటే పదిమందిని కలపడం తేలిక. మన ఊళ్ళో 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో కంటె చేసే పని ఇదే. మధురవాణి కంటె పెళ్ళికూతురి మెడకెక్కి, ఆ పెళ్ళికూతురు మాయమయ్యేసరికి రామప్పంతులుకీ లుబ్ధావధాన్లుకీ ఒకేసారి ఊపిరాడదు. గురజాడ ఆ ఒక్క నగతో ఎన్ని ఇళ్ళు తిప్పారో చూడడానికైనా ఆ నాటకం మళ్ళీ చదవండి. నేను ఇప్పటికీ చదువుతూనే ఉంటాను.

ఎపిసోడ్ అరగంట అయితే మూడు కథా పోగులు చాలు: ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి నవ్వుకోవడానికి. పెద్ద పోగు ప్రతిసారీ ఒకరి చేతిలోనే ఉండకూడదు. మూడు ఎపిసోడ్లు నవ్వించినవాడికి నాలుగో దాంట్లో అది అప్పగించండి. జనం నిటారుగా కూర్చుంటారు.

పేర్ల సంగతి మన జిల్లాలవాళ్ళకి మరీ ముఖ్యం. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ, పైడిరాజు, పైడినాయుడు, ఇవన్నీ ఒకే వీధిలో ఉండడం మనకి మామూలే. తెరమీద మాత్రం చూసేవాళ్ళు తికమకపడతారు. పేర్లు మార్చమని నేను చెప్పను, అవి మన దేవతల పేర్లు. పిలుపులు వేరు చేయండి: ఒకర్ని మేస్త్రీ అనీ, ఇంకొకర్ని చినబాబు అనీ. మొదటి ఎపిసోడ్‌లో నలుగురికి మించి పరిచయం చేయకండి. ఆ నలుగుర్నీ ఏదో ఒక పని చేస్తుండగానే చూపించండి.

మాట తీరు సరిచూసుకోవడానికి డైలాగ్ పక్కన పేరు చేత్తో మూసి చదవండి. ఎవరి మాటో తెలియకపోతే మళ్ళీ రాయాలి. అందరి చేతా 'ఏటి' అనిపిస్తే యాస వచ్చినట్టు కాదు. అదే వీధిలో టీచరమ్మ ఒకలా, విశాఖలో చదువుకొచ్చిన పిల్ల ఇంకోలా మాట్లాడతారు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్లకీ ఇంటి మాటే రావాలి.

కథలోంచి ఎవరైనా వెళ్ళిపోతే, ఆ ఖాళీలోకి వెంటనే కొత్త మనిషిని తేకండి. ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు కదా, వీధి కుళాయి దగ్గర పక్కింటి ముసలమ్మ బిందె రోజూ అతనే ఎత్తిపెట్టేవాడు. మర్నాటి నుంచి ఆ బిందె ఎవరు ఎత్తాలో మిగిలినవాళ్ళలోంచే చూడండి. నేనైతే ఆవిడతో మాటల్లేని మనిషినే కుళాయి దగ్గరికి పంపుతాను.